కుక్కకో బీచ్ సరే.. మన గోదారి ఒడ్డుకు రూల్ ఏది?

ఎండాకాలం పొద్దుగూకే టైముకు సారపాక దిక్కు నుంచి గోదారిల దిగిన్రా ఎప్పుడన్నా? నీళ్లు లోపలికి జరిగి ఇసుక తిన్నెలు బయటపడ్తయ్. ఒడ్డు పొంటి గులకరాళ్లు చెప్పుల కింద కరకరమంటయ్. ఎదురుంగ భద్రాచలం, పక్కన బ్రిడ్జి మీద లారీల లైట్లు. ఊర్లకెళ్లి ఒక్కళ్లమే పోయినా సరే, ఒడ్డుకు చేరేసరికి ఎంట ఒక కుక్క ఉంటది. మనం పెంచింది కాదు. పేరుండదు, మెడకు పట్టీ ఉండదు. మనం కూసుంటే కూసుంటది, లేస్తే లేస్తది.

మొన్న అట్లనే కూసున్నప్పుడు మా దోస్తు ఫోన్ల ఒక వీడియో చూపెట్టిండు. ఇంగ్లాండ్ల సముద్రం ఒడ్డు. ఇసుక లేదు, కనుచూపు మేర అన్నీ గులకరాళ్లే. ఒకామె కుక్కను పట్టుకొని నింపాదిగా నడుస్తున్నది. ‘కుక్కలను తీసుకురావచ్చు’ అని అక్కడ బోర్డు కూడా ఉంది. “చూడరా, ఆడ కుక్కలకు కూడా బీచ్ ఉంది” అన్నడు వాడు. నవ్వుకున్నం.

ఇంతల అవతల ఇసుకల ఆడుకుంటున్న ఒక పిల్లగాని మీదికి రెండు కుక్కలు ఉరికినయ్. మా ఎంట వచ్చి, అప్పటిదాకా మా కాళ్ల కాడ పండుకున్న కుక్క కూడా లేచి వాటితోనే ఉరికింది. మేం లేచి రాళ్లు పట్టుకొని అదిలించేసరికి పక్కకు పోయినయ్. పిల్లగానికి ఏం కాలే. కానీ వాడు ఏడ్చిన ఏడుపుకు మా నవ్వు ఆగిపోయింది.

పది నిమిషాల కింద దోస్తుగ ఉన్న కుక్కే పది నిమిషాల తర్వాత భయపెట్టింది. తప్పు కుక్కదా, మాదా, ఊరిదా? ఇయ్యాల దేశమంతా ‘కుక్కలను ఉంచాలె’ అనేటోళ్లు ఒకదిక్కు, ‘ఏరేయాలె’ అనేటోళ్లు ఒకదిక్కు నిలబడి కొట్లాడుతున్నరు. నాకు మాత్రం ఆ బీచ్ బోర్డు కాడనే అసలు ముచ్చట ఉన్నదనిపించింది.

ఆ బోర్డు ఎనక ఏమున్నది?

ఇంగ్లాండ్ దక్షిణ తీరంల బ్రైటన్ అనే పట్నం ఉంది. గులకరాళ్ల బీచ్‌కు మస్తు పేరు. అక్కడికి కుక్కను తీసుకపోవచ్చు. కానీ ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ కాదు. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా, జనం ఎక్కువొచ్చే కాలంల, బీచ్‌ల కొన్ని భాగాలకు కుక్కలను రానియ్యరు. మిగిలిన భాగాలల్ల తిప్పుకోవచ్చు. కుక్క మలం చేస్తే ఎంట తెచ్చినోళ్లే ఎత్తాలె, లేకుంటే జరిమానా. 2016 నుంచి ఆ దేశంల ప్రతి పెంపుడు కుక్కకు చర్మం కింద చిన్న చిప్ పెట్టియ్యాలె. కుక్క తప్పిపోతే ఆ చిప్‌ను బట్టి ఎవలదో చెప్తరు. ఓనర్ లేని కుక్క రోడ్డు మీద కనపడితే పట్టుకునే బాధ్యత అక్కడి స్థానిక సంస్థది. దేశం లోపల జంతువుల నుంచి వచ్చే రేబిస్‌ను 1922 నాటికే వాళ్లు లేకుంట చేసుకున్నరు.

అంటే ‘కుక్కలకు దోస్తు బీచ్’ అని మనకు కనపడేది ఒక్క బోర్డే. దాని ఎనక ఏ జాగా, ఏ నెలలు, ఎవలి కుక్క, మురికి ఎవలు ఎత్తాలె, మాట వినకుంటే ఎవలు అడగాలె అన్న లెక్కంతా ఉంది. అందుకే ఆమె అంత నింపాదిగా నడుస్తున్నది. పక్కన పిల్లల్ని ఆడిపిస్తున్న తల్లి కూడా అంతే నింపాదిగా ఉంది.

మన కాడ ఆ లెక్క లేదు. ఆ రూల్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టినా నడవదు. ఎందుకంటే అక్కడ కుక్కకు ఓనర్ ఉంటడు. మన కాడ కుక్కకు వాడకట్టే ఓనర్. పొద్దున ఒకరింటి కాడ గంజి, మాపటికి ఇంకొకరింటి కాడ బువ్వ. రాత్రి మిల్లు షిఫ్టు దిగొచ్చే బండ్ల ఎంట ఉరుకుడు. అడవి దిక్కు పల్లెలల్ల అయితే పోడు చేను కాపలా దానిదే, పశువుల ఎంట పోయేది అదే. అందరిదీ అయిన కుక్క, కరిచిననాడు మాత్రం ఎవలదీ కాదు.

రుషికొండల జెండా దిగిన కథ

తెలంగాణకు సముద్రం లేదు. మన దిక్కు పోరగాళ్లకు సముద్రం అంటే చింతూరు, మారేడుమిల్లి ఘాట్ దిగి వైజాగ్ పోవుడే. అక్కడ రుషికొండ బీచ్‌కు 2020ల ‘బ్లూ ఫ్లాగ్’ వచ్చింది. డెన్మార్క్ నుంచి నడిచే ఒక పర్యావరణ సంస్థ ఇచ్చే గుర్తింపు అది. నీళ్ల శుభ్రత, భద్రత, సౌకర్యాలు అన్నీ కలిపి 33 షరతులు. కుక్కలు, వేరే పెంపుడు జంతువులు బీచ్‌ల తిరగకుంట గట్టిగ కంట్రోల్ చెయ్యాలనేది కూడా వాటిల్ల ఒకటి.

2025 మార్చి మొదట్ల ఆ జెండా దిగింది. చెత్త పేరుకపోయింది, సీసీ కెమెరాలు పనిచేస్తలేవు, కుక్కలు తిరుగుతున్నయ్ అని ఫొటోలతోని ఫిర్యాదులు పోతే ఆ సంస్థ గుర్తింపును ఆపింది. పేపర్లల్ల, టీవీలల్ల ఒకటే లొల్లి. అధికారులు కదిలిన్రు, బీచ్ ఊడ్పిచ్చిన్రు, అదే నెలల జెండా మళ్లా ఎగిరింది.

దీన్ల మనం పట్టుకోవాల్సినవి రెండున్నయ్. ఏండ్ల సంది కాని పని వారాలల్ల అయ్యింది. అంటే చెయ్యరాక కాదు, అడిగేటోడు లేక ఆగింది. ఒక జెండా పోతే టూరిస్టులు పోతరు, పైసలు పోతయ్, పరువు పోతది. అందుకే ఉరికిన్రు. రెండోది, కుక్కలు, చెత్త వేరు వేరు ఫిర్యాదులు కావు. తినేది దొరికే కాడికే కుక్క వస్తది. బజ్జీల కాగితాలు, చికెన్ బొక్కలు ఇసుకల పారేసి, కుక్కలెందుకొస్తున్నయ్ అని అడిగితే ఎట్ల?

ఆ తీరంల ఇంకొక లెక్క కూడా ఉంది. చలికాలం నుంచి ఎండలు ముదిరే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకల గుడ్లు పెడ్తయ్. కుక్కలు వాసన పట్టి, తవ్వి తింటయ్. అందుకే వైజాగ్ దిక్కు అటవీ శాఖోళ్లు గుడ్లను ఏరి హేచరీలల్ల పెట్టి, పిల్లలైనంక సముద్రంల వదుల్తరు. బ్రైటన్‌ల మనుషుల కోసం నెలలు పెట్టుకున్నరు. మన తీరంల తాబేళ్ల కోసం కూడా నెలలు పెట్టుకోవచ్చు. కుక్క మీద పగ ఉండక్కర్లే, ప్రేమ ఉండక్కర్లే. క్యాలెండర్ ఉంటే చాలు.

కోర్టు ఏం చెప్పింది?

ఇప్పుడు దేశంల నడుస్తున్న లొల్లికొద్దాం. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ, దాని చుట్టుపక్కల వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లల్ల పెట్టాలన్నది. దేశమంతా రెండు పాయలైంది. పదకొండు రోజులకే, ఆగస్టు 22న, ముగ్గురు జడ్జిల బెంచ్ దాన్ని మార్చింది. కుక్కలకు పిల్లలు పుట్టకుంట ఆపరేషన్ చేసి, టీకాలేసి, పట్టిన కాడనే వదలాలె. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలొద్దు. ఎక్కడపడితే అక్కడ కాకుంట, తిండి పెట్టేదానికి వేరే జాగా చూపెట్టాలె. ఢిల్లీ కాడ ఆగకుంట రాష్ట్రాలన్నిటినీ కేసులకు తెచ్చింది. నవంబర్ 7న ఇంకొక ఆర్డర్ వచ్చింది. బడులు, దవాఖానలు, ఆట స్టేడియాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి కుక్కలను తీసెయ్యాలె, వాటిని మళ్లా అక్కడ వదలొద్దు.

జాగ్రత్తగ చదివితే కోర్టు కూడా బీచ్ బోర్డు దారిలనే పోయింది. ఏ జాగాల కుక్క ఉండొచ్చు, ఏ జాగాల ఉండొద్దు, ఎవలు చూడాలె అని గీత గీసింది. బడి కాడ వద్దు, టీకా పడ్డ కుక్క తన వాడకట్టుల ఉండొచ్చు. అన్నం పెట్టాలనుకునేటోళ్లు పెట్టొచ్చు, కానీ చూపెట్టిన కాడనే.

ఆ గీతను ఊర్లల్ల ఎవలు గియ్యాలన్నదే చిక్కు. 2023ల కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ రూల్స్ ప్రకారం ఆ బాధ్యత స్థానిక సంస్థలది. పట్నంల మున్సిపాలిటీ, ఊర్ల పంచాయతీ. రాసుడు సులువు. కుక్కను పట్టే బండి, ఆపరేషన్ చేసే డాక్టర్, నాలుగు రోజులు ఉంచే గది ఒక చిన్న పంచాయతీకి యాడికెళ్లి వస్తయ్? మండలానికో, రెండు మూడు మండలాలకు కలిపో ఒక సెంటర్ పెట్టి, జిల్లా నుంచి డాక్టర్లను పంపిస్తే తప్ప ఆ రూల్ కాగితం మీదనే ఉంటది.

సూది మందు పెట్టి చంపితే?

పని కాకపోతే ఏమైతదో మన రాష్ట్రమే చూపెట్టింది. 2025 డిసెంబర్ల పంచాయతీ ఎన్నికలైనయ్. కొన్ని ఊర్లల్ల కుక్కలు, కోతుల బాధ తప్పిస్తమని ఓట్లడిగిన్రు. 2026 జనవరిల హనుమకొండ, కామారెడ్డి జిల్లాల ఊర్లల్ల వందల కుక్కలను చంపిన్రని పోలీసులు కేసులు పెట్టిన్రు. అంతకుముందు 2024 ఫిబ్రవరిల మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌ల రాత్రిపూట వచ్చి ఇరవై కుక్కలను కాల్చి చంపిన ముచ్చట కూడా యాదికుండాలె.

ఊరోళ్ల కోపం ఉత్తగ రాలే. 2023 ఫిబ్రవరిల హైదరాబాద్ అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాన్ని కుక్కలు చుట్టుముట్టి చంపిన వీడియో చూసి కడుపు తరుక్కపోనోళ్లు లేరు. బిడ్డను బడికి పంపే తల్లికి ‘మూగజీవాల హక్కులు’ అని పాఠం చెప్తే వింటదా? వినదు. ఆమె భయాన్ని ముందుగాల ఒప్పుకోవాలె.

కానీ చంపితే ఆ భయం పోతదా? చట్టం సంగతి చూస్తే, భారతీయ న్యాయ సంహితల 325వ సెక్షన్ కింద జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా ఐదేండ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం పక్కన పెట్టి ఉత్త లెక్క చూసినా కుదరదు. తిండి అక్కడ్నే ఉంటే చచ్చిన కుక్కల జాగాలకు పక్కూరి కుక్కలొస్తయ్. అవి కొత్తవి, వాటికి మన మనుషులు తెల్వదు, టీకా పడ్డదో లేదో మనకు తెల్వదు. మిగిలినవి మళ్లా ఈనుతయ్. మూడేండ్లకు కథ మొదటికే వస్తది. టీకా పడి, ఆపరేషన్ అయి, చెవి కొసన చిన్న కోత ఉన్న కుక్క ఊర్ల ఉంటే అది ఊరికి ఒకతీరు కంచె. ఒక జాగాల కుక్కల్ల కనీసం వందకు 70కి టీకా పడితే రేబిస్ పాకుడు ఆగుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. టీకా పడ్డ ఆ డెబ్బైని కూడా చంపుకుంటే కంచెను మనమే పీకినట్టు.

కాటు పడితే చేసేది గిది

పార్లమెంటుకు కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 2024ల దేశంల 37 లక్షలకు పైగ కుక్క కాటు కేసులు. రేబిస్‌తోని చనిపోయిన్రని అనుమానం ఉన్నోళ్లు 54 మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలు మాత్రం మన దేశంల చావులు ఏడాదికి వేలల్ల ఉంటయని చెప్పుకుంట వచ్చినయ్. యాభైకి, వేలకు నడుమ ఇంత తేడా ఎందుకుంటది? అడవి పల్లెల ఇంటి కాడనే పాణం పోయినోడు ఏ రిజిస్టర్ల ఎక్కడు. ఎక్కనోనికి మందు స్టాకు కూడా లెక్కేసి రాదు. అందుకే కాటు పడితే ‘చిన్న గీరుడే కదా’ అని ఇంట్ల కూసోవద్దు. దవాఖానకు పోయి రాయించుకోవాలె.

రేబిస్ లక్షణాలు బయటపడ్డంక బతికినోళ్లు దాదాపు లేరు. కానీ కరిచినంక వెంటనే చేసేది చేస్తే దాదాపు ఎవలూ చావరు. ఇంత పెద్ద తేడా ఉన్న జబ్బు ఇంకొకటి ఉండదేమో. వైరస్ గాయం కాడినుంచి నరాల ఎంట మెదడుకు పాకుతది. అది చేరేలోపు మనం పని చెయ్యాలె.

ముందుగాల కారే నీళ్ల కింద పెట్టి, సబ్బుతోని 15 నిమిషాలు కడగాలె. వాచ్ చూసుకొని 15 నిమిషాలు. కారం, సున్నం, పసరు, కాఫీ పొడి ఏవీ పెట్టొద్దు. మంత్రం ఏయించుకున్నా సూది మాత్రం ఆపొద్దు. బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు అనేది మన తాతల కాలం ముచ్చట. ఇప్పుడు సర్కారు దవాఖానల ఎక్కువగ భుజం మీద చర్మంల సన్న సూదులేస్తరు. కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. పైసలు తీసుకోరు. రక్తం వచ్చేటట్టు కరిస్తే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా పడాలె, అది అడగాలె. రెండు సూదులకే ‘తక్కువైంది’ అని మానేసుడు మన కాడ బాగ ఉంది. తక్కువైంది గాయం, లోపల వైరస్ సంగతి కాదు. కుక్కపిల్ల గీరినా, పుండు మీద నాకినా ఇదే లెక్క.

మన ఒడ్డుకు ఏం కావాలె?

గోదారి ఒడ్డుకు బ్లూ ఫ్లాగ్ రాదు. రావాల్సిన అవసరం కూడా లేదు. కానీ రుషికొండల వారాలల్ల అయిన పని ఇక్కడ ఏండ్లకు కూడా ఎందుకు కాదో అడగొచ్చు. జెండా లేని ఒడ్డు కాడ ఆడుకునే పిల్లగాని పాణం తక్కువదా?

సారపాక దిక్కు ఊర్లు ఏజెన్సీ ఊర్లు. ఇక్కడ గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం బలం ఉంది. వచ్చే గ్రామసభల పోరగాళ్లు, పోరీలు లేచి అడగాల్సినవి ఎన్నో అక్కర్లే. ఊర్ల కుక్కలెన్ని, చెవి కోత ఉన్నవెన్ని? ఒక ఆదివారం పది మంది ఫోన్లు పట్టుకొని వాడకట్టులు పంచుకుంటే మనమే ఎంచొచ్చు. లెక్క చేతుల ఉంటే పశువుల దవాఖానను టీకా క్యాంపు పెట్టమని అడిగే మాటకు బరువొస్తది. చికెన్ సెంటర్ల వేస్టు యాడికి పోతున్నది? అది ఒడ్డు మీద పడకుంట చేస్తే సగం గుంపులు అక్కడ కూడవు. బడి గేటు, అంగన్‌వాడీ, బస్సులు ఆగే కాడ తిండి పెట్టొద్దని, పెట్టేటోళ్లకు వేరే జాగా ఇదీ అని తీర్మానం రాయాలె. ముక్కోటికి, శ్రీరామనవమికి, ఒడ్డు నిండా జనం ఉండే రోజులల్ల ఒడ్డు మీద ఇద్దరు మనుషులను పెట్టాలె. బ్రైటన్‌ల మే నుంచి సెప్టెంబర్ ఉంటే మనకు ముక్కోటి, నవమి ఉన్నయ్. దగ్గర్ల ఉన్న దవాఖానల టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఎన్ని ఉన్నయో నెలకోసారి బోర్డు మీద రాయమనాలె.

వీటిల్ల కుక్కల ఆపరేషన్ సెంటర్ ఒక్కటే పంచాయతీ చేతుల లేనిది. దానికి జిల్లాను అడగాలె. మిగతావి కోట్ల పైసలతోని పనిలేనివి.

ఇంట్ల కుక్క ఉన్నోళ్లకు కూడా ఒక మాట. “మాది ఏమనదు” అని ప్రతి ఓనరూ అంటడు. మూడు నెలలకు టీకా ఏపిచ్చి, ఏడాదికోసారి మళ్లా ఏపిచ్చి, ఒడ్డుకు తెచ్చేటప్పుడు పట్టీతోని తెస్తే అప్పుడు ఆ మాట నమ్ముతం. పిల్లలైనంక గోనెసంచిల కట్టి గోదారి ఒడ్డున ఇడిచిపోతే, రేపు మన పిల్లగాని మీదికి ఉరికేది ఆ కుక్కే కావొచ్చు.

ఆనాడు ఒడ్డు మీద పిల్లగాన్ని వాళ్లమ్మ ఎత్తుకపోయింది. మేం బండి కాడికొచ్చేసరికి ఆ కుక్క మళ్లా మా ఎంటనే ఉంది, తోక ఊపుకుంట. మా దోస్తు వంగి దాని చెవులు చూసిండు. రెండు చెవులూ నిండుగున్నయ్, కోత లేదు. మా వాడకట్టు లెక్కల మొదటి కుక్క అదే. రేపు ఆదివారం మిగతావి ఎంచుతం. మీ వాడకట్టుల ఎన్నున్నయో మీరు ఎంచున్రి.